దీపానికి వచ్చిందా, తూములోంచి వచ్చిందా? బొద్దింకనూ నీటి పురుగునూ గుర్తుపట్టడం

కాలవలకు నీళ్లొదిలి వారమైంది. రాత్రి ఎనిమిదింటప్పుడు మా అరుగు మీద, ట్యూబులైటు కింద, జామకాయ రాలినట్టు టప్పుమని చప్పుడైంది. మా పిన్ని చీపురు పట్టుకుని వెళ్లి, అంతలోనే రెండడుగులు వెనక్కి వేసింది. "ఇదేం బొద్దింకే తల్లీ! చూపుడువేలంత ఉంది. బాత్రూం తూము సరిగ్గా మూయించమని మీ బాబాయికి ఎన్నిసార్లు మొత్తుకున్నానో!"

చీపురు దెబ్బ పడేలోపు ఖాళీ పచ్చడి సీసా తెచ్చి దాని మీద బోర్లించాను. కింద నుంచి అట్టముక్క దూర్చి, సీసా తిరగేసి, దీపం దగ్గర పెట్టి ఇద్దరం చూశాం. అది బొద్దింక కాదు. బాత్రూం తూముకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ అంతకు రెండు రోజుల ముందు ఇలాంటిదే ఇంకోటి పడితే, పిన్ని అప్పటికే తూములన్నింట్లో పురుగుమందు కొట్టించేసింది. ఆ తూముల నీళ్లు పెరట్లోంచి పంట బోదెలోకి పోతాయి. బోదెను ఆనుకునే బాబాయి చేపపిల్లలు పెంచే చెరువు ఉంది. చెరువుకు నీళ్లు తోడేది ఆ బోదెలోంచే. ఆ రాత్రి బాబాయి నీళ్లు తోడకుండా ఆపేశాడు కాబట్టి సరిపోయింది. ఒక పురుగును మరో పురుగనుకుంటే ఎంత దూరం పోతుందో తెలిసింది కనక ఇది రాస్తున్నాను.

మన గోదావరి డెల్టాలో ఈ తికమక రావడంలో వింతేమీ లేదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు, పిల్ల కాలవలు, బోదెలు వలలా అల్లుకుపోయాయి. ఏ ఇంటికి వెళ్లినా కూతవేటు దూరంలో చేనో, చెరువో, కాలవో ఉంటుంది. బొద్దింకా నీటి పురుగూ రెండూ గోధుమ రంగే, రెండూ చదునుగా మెరుస్తుంటాయి, రెండూ రాత్రిపూటే కనబడతాయి. పైగా బొద్దింక కూడా తడి ఉన్న చోటే కాపురం పెడుతుంది. బాత్రూం తూము, సింకు కింద గొట్టం, మరుగుదొడ్డి ట్యాంకు, సిమెంటు డ్రైను దానికి ఇష్టమైన చోట్లు. నాలుగు చినుకులు పడి డ్రైనులో నీళ్లు లేచాయంటే పైకి ఎగబాకి ఇంట్లోకి వస్తుంది. నీళ్ల దగ్గర్నుంచి వచ్చింది కాబట్టి నీటి పురుగు అనుకుంటాం. నిజానికి తూములోంచి వచ్చేది బొద్దింక. నీళ్లలో పుట్టి పెరిగిన పురుగు మాత్రం గాల్లో ఎగిరొచ్చి దీపం కింద పడుతుంది. మన ఊహకు సరిగ్గా తలకిందులు.

ఫోనులో ఇంగ్లీషులో వెతికామంటే ముడి ఇంకా బిగుసుకుంటుంది. అమెరికాలో చాలామంది తమ ఇంటి బొద్దింకను ఆ పేరుతో పిలవడానికి మనసొప్పక 'వాటర్ బగ్' అంటారు. అసలు వాటర్ బగ్ వేరే పురుగు. అందుకే బొమ్మలు ఒకటి చూపిస్తాయి, మందులు ఇంకోదానికి చెబుతాయి. ఈ విషయంలో మన భాషే నయం. మొక్క రసం పీల్చే పిండినల్లి, వరి కంకి పాలు పీల్చే కంపునల్లి, మంచంలో రక్తం పీల్చే నల్లి... పీల్చేదాన్ని నల్లి అనడం మన రైతులకు అలవాటే. ఆ లెక్కన మా అరుగు మీద పడ్డదాన్ని 'పెద్ద నీటి నల్లి' అనడం సబబు. శాస్త్రం కూడా దాన్ని మంచం నల్లి వర్గంలోనే పెట్టింది. దాని శాస్త్రీయ నామం లెథోసెరస్ ఇండికస్. ఆరున్నర నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మన ఇళ్లలో పెద్ద బొద్దింక మామూలుగా నాలుగు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. కాబట్టి చూపుడువేలంత పొడవున్నది కనబడితే, అక్కడికక్కడే బొద్దింక కాదని సగం తేల్చేయొచ్చు.

మిగతా సగానికి మీసాలు చూడాలి. నన్నడిగితే అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఇదే. బొద్దింక మీసం దారంలా సన్నగా, ఒంటి కన్నా పొడుగ్గా ఉంటుంది. క్షణం ఊరుకోదు, గాలిని తడుముతూనే ఉంటుంది. మూల నక్కి ఒళ్లంతా దాచుకున్నా మీసాలు మాత్రం బయట ఆడుతుంటాయి. సీసాలో పురుగుకు మీసాలే కనబడలేదు. లేక కాదు. పొట్టిగా ఉన్నవాటిని కళ్ల కింద గాడిలో మడిచి దాచుకుంటుంది. నీళ్లలో దూసుకుపోయే ఒంటికి పొడుగాటి మీసం అడ్డం కదా. అయితే ముసలి బొద్దింకకు మీసాలు విరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు వీపు చూడాలి.

వీపు మీద రెక్కలు ఎలా ముడుచుకున్నాయన్నది ఆడవాళ్లకు చప్పున పట్టుబడే గుర్తు. పిన్నికి నేను ఇలాగే చెప్పాను. బొద్దింక రెక్కలు పమిటలా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. పేడపురుగు లాంటి పెంకు పురుగుల రెక్కలు రెండు తలుపులు మూసినట్టు నడిమధ్యన ఒక్క నిటారు గీతగా కలుస్తాయి. నల్లి వర్గంలో అయితే రెక్కలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి, వాటి పైన మెడకింద ఒక ముక్కోణపు బిళ్ల కనబడుతుంది. అదే రెక్కలో ముందు భాగం తోలులా మందంగా, చివరి భాగం ఉల్లిపొరలా పలచగా ఉంటుంది. సీసా గాజు మీద వేలుపెట్టి ఆ ముక్కోణాన్ని చూపిస్తే పిన్ని కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది.

అప్పుడు ముందు కాళ్లు చూశాం. బొద్దింక ఆరు కాళ్లూ పరుగుకే, వాటి నిండా ముళ్లు. పెద్ద నీటి నల్లి ముందు కాళ్లు మాత్రం లావుగా, కొడవలిలా వంగి, గొల్లభామ చేతుల్లా ముడుచుకుని ఉన్నాయి. వెనక కాళ్లు పడవ తెడ్లలా చదునుగా, అంచులకు వెంట్రుకలతో ఉన్నాయి. పట్టుకోవడానికి రెండు, ఈదడానికి నాలుగు. తల కింద సూదిలాంటి ముక్కు ఉంటుంది. చేపపిల్లనో, తోకకప్పనో, ఒక్కోసారి తనకన్నా పెద్ద కప్పనో ఒడిసిపట్టి ఆ ముక్కు గుచ్చుతుంది. లాలాజలాన్ని లోపలికి పంపితే అందులోని ఎంజైములు కండను కరిగిస్తాయి. కరిగినదాన్ని పీల్చుకుంటుంది. బొద్దింకకు ఈ విద్య రాదు. దానివి కొరికి నమిలే దవడలు. అన్నం మెతుకు, నూనె మరక, పుస్తకం అట్టకు రాసిన జిగురు, ఏది దొరికితే అది.

తోక చివర కూడా చూడదగ్గదే. బొద్దింకకు వెనక రెండు చిన్న పోగులుంటాయి. వాటి మీది సన్నని వెంట్రుకలు గాలి కదలికను పసిగడతాయి. మనం చెప్పు ఎత్తగానే, దెబ్బ పడకముందే అది మాయమవడం ఆ పోగుల చలవే. పెద్ద నీటి నల్లికి అదే చోట రెండు పొట్టి పట్టీలుంటాయి. అది నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ వాటిని పైకి చాచి గాలి పీలుస్తుంది. చేపకున్నట్టు మొప్పలు దానికి లేవు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చేపల చెరువు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇంతవరకు పెద్దవాటి మాట. నా అనుభవంలో అసలు మోసం చిన్నవాటి దగ్గరే జరుగుతుంది. వంటింట్లో గ్యాసు పొయ్యి కింద, ఫ్రిజ్ మోటారు వెనక తిరిగే చిన్న బొద్దింకను జర్మన్ బొద్దింక అంటారు. ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది, తల వెనక రెండు నల్లటి నిలువు చారలుంటాయి. పేరు జర్మనీదైనా దాని పుట్టిల్లు ఇటువైపే. సుమారు 2,100 ఏళ్ల కిందట భారత్ లేదా మయన్మార్ ప్రాంతంలో ఒక ఆసియా బొద్దింక నుంచి విడివడిందని 2024లో జన్యు పరిశోధన తేల్చింది. ఇదే కొలతలో చేలల్లో ఇంకో పురుగుంది. డిప్లొనికస్ రస్టికస్ అనే చిన్న నీటి నల్లి. చింతపిక్కను కాస్త పలచగా అదిమినట్టుంటుంది. ఊడ్పుల్లో కాలికి చురుక్కున తగిలేవాటిలో ఇదీ ఒకటి.

రెండింటికీ గుడ్లు మోసే అలవాటుంది. మోసే తీరు మాత్రం వేరు. జర్మన్ బొద్దింక ఆడది 30 నుంచి 40 గుడ్లున్న గోధుమ రంగు పెట్టెను ఒంటి చివర పట్టుకుని తిరుగుతుంది. చిన్న నీటి నల్లిలో మోసేది మగది. ఆడది దాని వీపు మీదే గుడ్లు అతికించి పోతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా ఆ తండ్రి వాటిని మోస్తూ, మధ్యమధ్య నీటి పైకి వచ్చి గాలి తగలనిస్తూ కాపాడుకుంటాడు. ఆకుమడి మూలన నీళ్లలో వీపంతా గుడ్లు పేర్చుకున్న పురుగు కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు ఏదో తెగులు పట్టిందనుకున్నాను. తెలిశాక ఇప్పటికీ ఎప్పుడు కనబడినా కాలు పక్కకు తీసి వేస్తాను.

పెంకు పురుగుల్లో రెండు నీటి జాతులు మన దీపాలకు బాగా వస్తాయి. సైబిస్టర్ అనే ఈత పురుగు నల్లపచ్చ రంగులో కోలగా ఉంటుంది. ఒంటి అంచు పొడవునా పసుపు గీత. పెద్ద బొద్దింకకూ మెడ పలక చుట్టూ పసుపు అంచు ఉండటంతో చాలామంది ఇక్కడే పొరబడతారు. బొద్దింక పసుపు మెడ దగ్గరే ఆగిపోతుంది, సైబిస్టర్ పసుపు రెక్కల అంచుల మీదుగా వెనకదాకా సాగుతుంది. రెండోది హైడ్రోఫిలస్. నిగనిగలాడే నల్లటి పురుగు, పొట్ట కింద పడవ అడుగున్నట్టు నిలువు ముల్లు ఉంటుంది. వెల్లకిలా తిప్పితే ఆ ముల్లు చేతికి తగులుతుంది.

ఇంకా అనుమానముంటే సీసాలో సగం నీళ్లు పోసి పురుగును అందులో వదలండి. పిల్లలకు పాఠం చెప్పడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. బొద్దింక పైనే తేలుతూ కాళ్లు కొట్టుకుంటుంది, గట్టెక్కాలని చూస్తుంది. ఒంటి పక్కలనున్న శ్వాసరంధ్రాలు మూసుకుని అరగంట దాకా మునిగి బతకగలదు కానీ అది ఈత కాదు. సైబిస్టర్ వెనక కాళ్లు రెండూ ఒకేసారి తెడ్లు వేసినట్టు వేస్తూ సర్రున అడుగుకు పోతుంది, గాలికోసం పైకొచ్చినప్పుడు వెనక భాగం నీటి పైకి పెడుతుంది. హైడ్రోఫిలస్ కాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఆడిస్తూ నీళ్లలో నడిచినట్టు పోతుంది, గాలికి తల పైకి పెడుతుంది. దాని పొట్ట కింద పట్టి ఉంచిన గాలి పొర వెండి రేకులా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి మా పక్కింటి పాప పురుగుకు పట్టీలు పెట్టారా అని అడిగింది.

నీటితో పనిలేకుండానే బొద్దింకనిపించేవి రెండున్నాయి. తడి మట్టిలో సొరంగాలు తవ్వే కుమ్మరి పురుగు ముందు కాళ్లు పారల్లా ఉంటాయి, ఒళ్లంతా సన్నని నూగు. బురదలో ఉన్నా బురద అంటదని పెద్దలు చెప్పేది దీని గురించే. ఇంకోటి కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు. తల మీద కొమ్ము చూస్తే వేరే గుర్తు అక్కర్లేదు. కొబ్బరి తోటలున్నవాళ్లు దాన్ని మాత్రం వదిలిపెట్టకూడదు, పేడకుప్పల్లో దాని పిల్లపురుగులు వెతకాలి.

సరే, నీళ్లలో హాయిగా ఉన్న పురుగు మన అరుగు మీదకు ఎందుకొస్తుంది? దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలకు ముందు చేలల్లో నీళ్లు తీసేస్తారు. ఆ తర్వాత కాలవలు కట్టేస్తారు. చెరువులు అడుగంటుతాయి. నీటి పురుగులకు రెక్కలుండేది ఇలాంటి రోజుల కోసమే. ఉన్న గుంట ఎండితే రాత్రిపూట లేచి ఇంకో నీటిచోటు వెతుక్కుంటాయి. జూన్లో కాలవలొచ్చి చేలు తడిసినప్పుడు మళ్లీ అటు మళ్లుతాయి. నీళ్ల జాడను అవి కనిపెట్టేది నీటి మీద నుంచి తిరిగొచ్చే వెలుగును బట్టి. అలాంటి వెలుగే తడి రోడ్డు నుంచీ, కారు పైకప్పు నుంచీ, ధాన్యం రాశి మీద కప్పిన బరకం నుంచీ తిరిగొస్తే నీళ్లనుకుని దిగిపోతాయి. దీపం సంగతి వేరు. ఎగిరే పురుగులు రాత్రి ఆకాశపు వెలుగు వైపు వీపు పెట్టి తమ పైకిందులు సరిచూసుకుంటాయి. దగ్గర్లో దీపముంటే దానివైపు వీపు తిప్పుతూ చుట్టూ తిరిగి తిరిగి కిందపడతాయి. వేగంగా తీసిన వీడియోలతో ఈ సంగతినీ 2024లోనే వెల్లడించారు. మా అరుగు మీద పడ్డది దీపం మీద ఆశతో రాలేదు, దారి తప్పింది.

చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. పెద్ద నీటి నల్లి బెదిరితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. చచ్చిందనుకుని వేళ్లతో తీయబోతే గుచ్చేస్తుంది. మా చిన్నతనంలో మేనత్త కొడుకు అలాగే తీశాడు. బొటనవేలు మొదట్లో కుట్టింది. రాత్రంతా ఏడ్చాడు, రెండు రోజులకు వాపు దిగింది. దాని కాటు బాగా నొప్పి పెడుతుంది కానీ దోమలా రోగాలు అంటించేది కాదు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టాలి. వాపు పాకుతున్నా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బొద్దింక కరవడం బహు అరుదు. అది చేసే చెరుపు వేరు. డ్రైనులో నడిచిన కాళ్లతోనే అన్నం గిన్నె మీద నడిచి, విరేచనాలు తెచ్చే క్రిములను చేరవేస్తుంది. దాని రెట్ట, విడిచిన పొట్టు దుమ్ములో కలిస్తే కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, ఉబ్బసం ఎక్కువవుతుంది. కాటు నొప్పి రెండు రోజులు, ఇది ఏళ్ల తరబడి. నేను భయపడేది రెండోదానికే.

కాబట్టి చేయాల్సిన పనులు కూడా పూర్తిగా వేరు. బొద్దింక కనబడిందంటే ఇంట్లోనో, తూములోనో గూడు ఉందని అర్థం. తూములకు జాలీ పెట్టాలి, గొట్టం చుట్టూ సందులు సిమెంటుతో మూయాలి, రాత్రి పడుకునే ముందు సింకు తుడిచి ఆరబెట్టాలి. మూలల్లో జెల్ మందు చుక్కలు పెట్టడం గదంతా పిచికారీ కొట్టడం కన్నా మేలు. గుడ్ల పెట్టెలోకి పిచికారీ మందు దిగదు, అందుకే ఒక్కసారితో పని కాదు. నీటి పురుగు వచ్చిందంటే ఇంట్లో వెతకాల్సింది ఏమీ లేదు. అది మన ఇంట్లో గుడ్లు పెట్టదు, పెట్టినా బతకవు. అరుగు మీది తెల్లటి లైటు తీసి పసుపు బల్బు పెడితే వచ్చేవి బాగా తగ్గుతాయి. పడ్డదాన్ని చేటలోకి ఎత్తి బోదెలో వదిలితే చాలు.

ఇళ్లలో కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చాలా కొద్ది మోతాదులోనే చేపలను చంపుతాయి. రొయ్యలకైతే మరీ ప్రమాదం. పురుగూ రొయ్యా దగ్గరి చుట్టాలే, రెండూ కీళ్ల కాళ్ల జీవులే, ఒకదాని నరాల మీద పనిచేసిన మందు రెండోదాని మీదా పనిచేస్తుంది. వనామీ రొయ్యల చెరువు పక్కన ఇల్లున్నవాళ్లు తూములో మందు పోసే ముందు ఆ తూము ఎటు పోతుందో చూసుకోవాలి.

నీటి పురుగులు చేపపిల్లలకు శత్రువులన్న మాట మాత్రం కాదనలేను. ఈదడం అప్పుడే నేర్చిన బొచ్చె, శీలావతి పిల్లలు ఆరు మిల్లీమీటర్లుంటాయి. సైబిస్టర్ పిల్లపురుగు కూడా వాటిని పట్టి తింటుంది. దీనికి నర్సరీ చెరువుల్లో వాడే ఉపాయం నూనె, సబ్బు. హెక్టారుకు 56 కిలోల నూనెలో 18 కిలోల చవక సబ్బు కలిపి, గాలి లేనప్పుడు నీటి పైన చల్లుతారు. నీటి పైన పలచటి పొర పరుచుకుంటుంది. గాలికోసం పైకొచ్చిన పురుగుకు ఊపిరి అందదు. ఆ మర్నాడు వదిలే చేపపిల్లలు మొప్పలతో పీలుస్తాయి కనక వాటికి ఏమీ కాదు. పురుగు ఎలా ఊపిరి తీసుకుంటుందో చూసినవాళ్లు కనిపెట్టిన మందు ఇది, నాకు చాలా నచ్చే సంగతి. అదే పురుగు నర్సరీ చెరువు బయట, బోదెల్లో, గుంటల్లో మనకు పనికొస్తుంది. చిన్న నీటి నల్లి దోమ పిల్లలను బాగా తింటుంది. దోమల వల్ల బోదకాలుతో ఎంతో బాధపడిన జిల్లాలు మనవి. చెరువులో శత్రువే, గుంటలో కాపలాదారు. ఎక్కడుందో చూసి గానీ చంపడమో వదలడమో తేల్చలేం.

ఆ రాత్రి సీసాను బోదె దాకా తీసుకెళ్లి, చెరువుకు దిగువన, నీళ్లకు దగ్గరగా వంచాను. కాసేపు కదలకుండా పడుంది. తర్వాత తెడ్డు కాళ్లు రెండుసార్లు ఆడించి గుర్రపుడెక్క కిందకు వెళ్లిపోయింది. మర్నాడు బాబాయి అరుగు మీద బల్బు మార్చాడు.

నాలుగు రోజుల తర్వాత వంటింట్లోంచి పిన్ని కేక. వెళ్లేసరికి సింకు ముందు సీసా బోర్లించి, కళ్లజోడు పెట్టుకుని వంగి చూస్తోంది. లోపల రెండు పొడుగాటి మీసాలు గాజును తడుముతున్నాయి. "పమిట కూడా ఉందే. ఇది మన ఇంటిదే" అంటూ టార్చిలైటు తీసుకుని గొట్టం వెనక సందు వెతకడానికి కింద కూర్చుంది.